ఘాటీ ఎక్కిన కౌంటరు

విశాఖపట్నంలో స్వర్ణా డిపార్ట్‌మెంటల్ స్టోర్స్ కూల్చేస్తున్నారన్న కబురు పాంగి నిర్మలకు కాఫీ పళ్ళు ఏరుతుండగా తెలిసింది. కబురంటే మాటలేమీ లేవు. ఒకప్పుడు అదే స్టోర్స్‌లో ఆమెతో కలిసి పనిచేసిన సుమ, ఫోన్‌లో ఒక ఫోటో పంపింది, అంతే. మూడంతస్తుల మేడ ముందు రేకులు అడ్డం కట్టి ఉన్నాయి. పైన బోర్డులో సగం అక్షరాలు ఊడిపోయాయి. నిర్మల నడుముకు కట్టుకున్న బుట్ట విప్పి చెట్టు మొదట్లో పెట్టి, ఆ ఫోటోను వేళ్ళతో సాగదీసి సాగదీసి చూసింది.

భర్త ధనుంజయ్ పక్క వరసలో మిరియాల తీగ చెట్టుకు ఎక్కిస్తున్నాడు.

"ఏటయ్యింది, అలగున్నావు?" అన్నాడు.

"స్వర్ణా తీసీస్తన్నారు."

ధనుంజయ్‌కి ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పేరు వినని వారం లేదు అతనికి.

అరకులోయకు ఆనుకుని కొండవాలులో ఉన్న చిన్న ఊరు వాళ్ళది. ఆ చుట్టుపక్కల ఇంటర్ చదివి పట్నంలో కొలువు చేసిన మొదటి ఆడపిల్ల నిర్మల. నర్సుగా పనిచేసే పిన్ని ఇంట్లో ఉంటూ స్వర్ణాలో చేరింది. కింద కిరాణా, మధ్యలో బట్టలు, పైన బొమ్మలు. ఆ పైఅంతస్తులో, టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్‌ల కౌంటరు ఆమెకు అప్పజెప్పారు. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు కేసెట్ అంచున దుమ్ము ఊది, పెట్టెలో దూర్చి, ఆడి చూపించడమే పని. జీతమిచ్చి ఆటలాడించే ఉద్యోగం ఒకటుందంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. పిల్లను ఎవరో మాయ చేశారని వాళ్ళ నాన్న బస్సెక్కి వెళ్ళి, కౌంటరు ముందు నిలబడి కళ్ళారా చూశాక గానీ కుదుటపడలేదు.

ఆరేళ్ళు అలా నడిచింది. తరవాత పట్నంలోకి మాల్స్ వచ్చాయి. స్వర్ణాలో ముందు పైఅంతస్తు లైట్లు ఆరాయి, తరవాత మధ్య అంతస్తువి, చివరికి తాళమే పడింది. నిర్మల ఊరికి తిరిగొచ్చి ధనుంజయ్‌ని పెళ్ళాడి కాఫీ తోటలో పడింది. కొన్నేళ్ళ పాటు ఆటల కేసెట్ ఒక్కటీ చేత పట్టలేదు. ఒకరోజు కొండదారికి దిగువనున్న ఎస్.కోటలో పాత సామాన్ల దుకాణం ముందు, విరిగిన ఫ్యాన్ రెక్కల కింద పసుపుపచ్చ గేమ్ కేసెట్ ఒకటి కనిపించింది. చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే, ఎవరో చెప్పినట్టు, దాని అంచున ఉఫ్‌మని దుమ్ము ఊదింది. ఊదాక తనకే నవ్వొచ్చింది. ఇన్నాళ్ళయినా పెదాలు మరిచిపోలేదు.

అక్కణ్ణుంచి మొదలయింది ఆమె పిచ్చి. సంతల్లో, పాత ఇనప సామాన్ల వాళ్ళ దగ్గర, ఎక్కడ టీవీ గేమ్ కనిపించినా తెచ్చేది. తనలాంటివాళ్ళే ఫోన్‌లో ఒక గుంపుగా ఉన్నారని తెలిసి అందులో చేరింది. కటక్ నుంచీ బెంగళూరు నుంచీ పార్సిళ్ళు వచ్చేవి. పక్కగది గోడ పొడుగునా కేసెట్లు పేర్చుకుంటూ పోయింది. వాటిని చూసి అత్త ఈశ్వరమ్మ, "నా కోడలు ఇటికిలు కొని గోడ కడతంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

"రేపు భీముడి బండి అల్లం దింపడానికి ఇశాపట్నం ఎల్తంది," అన్నాడు ధనుంజయ్, తీగ ముడి వేస్తూ. "పద, నానూ వత్తాను. నువ్వు సెప్పడమే గాని నాను సూసింది లేదు కదా."

మర్నాడు పొద్దెక్కేసరికి వాళ్ళు స్వర్ణా ముందున్నారు. భీముడు ధనుంజయ్‌కి చిన్ననాటి నేస్తం. అమ్ముడుపోని రెండు బస్తాలు తప్ప అల్లమంతా మార్కెట్లో దింపి, వాళ్ళను అక్కడికి తీసుకొచ్చి, బండి నీడకు పెట్టి కునుకు తీశాడు.

రేకుల పక్కన గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా టక్ చేసుకున్నాడు. ఆ నిలబడే తీరు చూసి నిర్మల పోల్చుకుంది. పైఅంతస్తు ఫ్లోర్ ఇన్‌చార్జ్ రవిబాబు. జుట్టు పూర్తిగా నెరిసింది గానీ నడుము వంగలేదు.

"సార్, నేను, నిర్మల."

ఆయన గొడుగు దించి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "అరకు నిర్మలా? ఎలాగున్నావమ్మా? మా ఇల్లు ఇక్కడికి దగ్గరే. రోజూ వచ్చి కాసేపు నిలబడి పోతన్నాను. వాళ్ళు పలుగెత్తినప్పుడల్లా చూళ్ళేక తల తిప్పుకుంటాను. అయినా మర్నాడు మళ్ళీ వస్తాను."

రోజూ వస్తున్నవాడు కావడంతో పనివాళ్ళందరికీ ఆయన తెలుసు. ఆయన ఒక మాట చెబితే లోపలికి వెళ్ళనిచ్చారు, మెట్లు జాగ్రత్తని హెచ్చరించి.

లోపల ఏమీ లేదు. గోడలకు మేకులు, నేల మీద సున్నం పెచ్చులు, కిటికీల్లో పావురాలు. ధనుంజయ్ అటూ ఇటూ చూశాడు. ఇన్నేళ్ళుగా భార్య చెప్పిన స్వర్గం ఇదేనా అన్నట్టు చూసి, ఆ చూపును మళ్ళీ దాచుకున్నాడు. నిర్మల అది గమనించనే లేదు. చెప్పులు టకటకలాడించుకుంటూ ముందుకు నడిచింది.

"ఇదిగో ఇక్కడ బియ్యం, పప్పులు. పక్కన సబ్బులు. తలుపు తియ్యగానే ముందు సబ్బు వాసనే తగిలేది. ఇక్కడ గాజు సీసాల్లో బిస్కెట్లు, తూకం వేసి ఇచ్చీవోరు. అక్కడ యర్రయ్య గారని లిఫ్ట్ మనిషి కూర్చునీవాడు."

"లిఫ్టేదీ?" అన్నాడు ధనుంజయ్.

ఆమె చూపించిన చోట చీకటి గొయ్యి ఒకటి ఉంది. ధనుంజయ్ తొంగిచూసి వెనక్కి తగ్గాడు.

మధ్య అంతస్తులో దసరా ముందు జనం ఎలా కిక్కిరిసేవాళ్ళో చెప్పింది. అద్దం ముందు కొత్త చొక్కాతో తన్ను తాను చూసుకుని గుర్తుపట్టక పక్కకు తప్పుకున్న రైతు గురించి చెప్పింది. మైకులో ఏ పిల్లాడు తప్పిపోయాడని చెప్పినా ముందుగా పైఅంతస్తుకే వచ్చి వెతికేవాళ్ళని రవిబాబు అందుకున్నాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఆ ఖాళీ గదులను నింపుకుంటూ పోయారు. పైమెట్టు ఎక్కేసరికి ధనుంజయ్ కూడా ఖాళీ నేల మీదే దేనికో తగులుతానేమోనన్నట్టు ఒదిగి నడుస్తున్నాడు.

పైన ఒక మూల సిమెంటు బస్తాల కింద ఏదో గాజు మెరిసింది. నిర్మల బస్తాలు పక్కకు లాగింది. ధనుంజయ్ సాయం పట్టాడు. ముందు టేకు చట్రం, తరవాత గాజు పలక, ఆ తరవాత ఇత్తడి పిడి బయటపడ్డాయి. ఆమె వెనక్కి వెళ్ళి నిలబడి, పిడి పట్టుకుని సొరుగును కాస్త పైకెత్తి లాగింది. ఊరికే లాగితే అది ఏనాడూ వచ్చేది కాదు. వచ్చింది. లోపల ఎండిన బల్లి తప్ప మరేమీ లేదు.

"నాదే," అంది.

ధనుంజయ్ ఒక్క క్షణం కౌంటరునూ భార్యనూ చూశాడు. "భీముణ్ణి లేపుతాను," అని మెట్లు దిగాడు.

అక్కడి మేస్త్రీ ఆ చెక్కంతా ముక్కలు చేసి పొయ్యిలోకి ఇచ్చేద్దామనుకున్నాడట. అడిగేసరికి బిగిశాడు. అటు లాగి ఇటు లాగి బేరం చివరికి అల్లం దగ్గర తెగింది. బండిలో మిగిలిన రెండు బస్తాలూ దింపుకుని కౌంటరు ఇచ్చేశాడు.

"మరి నా అల్లం?" అన్నాడు భీముడు.

"మా మడిలోది తవ్వి ఇత్తాను," అన్నాడు ధనుంజయ్.

"మీ అల్లం సన్నం."

"అయితే మిరియాలు కలిపి ఇత్తాను, ఎక్కించు బేగి."

పాత చీరలు చుట్టి, తాళ్ళు బిగించి, పనివాళ్ళంతా తలో చెయ్యీ వేసి కౌంటరును బండికెక్కించారు. రవిబాబు కింద నిలబడి "అంచు జాగ్రత్త, అంచు జాగ్రత్త" అంటూనే ఉన్నాడు. బండి కదులుతుంటే, "నిలబెట్టాక కబురు చెయ్యమ్మా, సుమను తీసుకుని వస్తాను," అన్నాడు.

ఎస్.కోట దాటి ఘాటీ రోడ్డు ఎక్కేసరికి సన్నటి తుంపర మొదలయింది. మలుపు మలుపుకీ భీముడు వెనక్కి తిరిగి చూస్తాడు, నిర్మల రోడ్డు చూడమంటుంది. అలా చెక్‌పోస్టు దాకా వచ్చారు. అక్కడ అటవీశాఖ యువకుడొకడు చెయ్యెత్తి ఆపాడు. చొక్కా మీద ధర్మతేజ అని పేరుంది. బండి వెనక్కి వెళ్ళి, చీర తొలగించి, చెక్క మీద గోటితో గీకాడు.

"టేకు," అన్నాడు.

"టేకే సార్," అన్నాడు భీముడు, దాచి లాభం లేదని.

"ఎక్కడిది?"

"ఇశాపట్నందండి."

ఆ కుర్రాడు బండి ముందు భాగం ఎటుందో చూశాడు, వెనక భాగం ఎటుందో చూశాడు. "కొండ మీద నుంచి కిందికి టేకు దింపీవాళ్ళని పట్టుకున్నాను. కింద నుంచి కొండకి ఎక్కించీవాళ్ళని నేనింకా చూళ్ళేదు. ఏ రూలు కింద రాయమంటారు?"

భీముడు నిర్మల వైపు తిరిగాడు. నిర్మల దిగి, తుంపరలో నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. స్వర్ణా అన్న మాట వినగానే అతని మొహం మారిపోయింది.

"పాత పోస్టాఫీసు దారిలో ఉండీదేనా? మాది నర్సీపట్నం. మా తాతకి కంటాపరేషన్ అయితే అందరం వెళ్ళాం. నన్ను లిఫ్ట్ ఎక్కించడానికి తీసుకెళ్ళారు. పైన బొమ్మల దగ్గర గుర్రం ఒకటుండీది, రూపాయేస్తే ఊగీది."

"నీలం గుర్రం," అంది నిర్మల. "ఒక చెవి విరిగిపోయింది."

ధర్మతేజ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అది విరగ్గొట్టింది నేనే. ఎవరూ చూడకుండా చెవిని మా తాత సంచీలో పడీసి వచ్చీసేను."

నిర్మల ఎంతకీ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ చెవి కోసం రవిబాబు అంతస్తంతా ఊడ్పించి వెతికించాడు మరి. ధర్మతేజ కూడా నవ్వేసి, లోపలికి వెళ్ళి టార్పాలిన్ తెచ్చి, గాజు తడవకుండా తనే కప్పి తాళ్ళు బిగించాడు. ఎవరైనా అడిగితే పెళ్ళి సామాను అని చెప్పమన్నాడు.

అసలు చిక్కు ఇంటి దగ్గర వచ్చింది. కౌంటరు గుమ్మంలో పట్టలేదు. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు, కాళ్ళ వైపు నుంచి తోశారు. గుమ్మం పక్క గోడ కాస్త కొడితే సరిపోతుందన్నాడు ధనుంజయ్. ఈశ్వరమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"ఈ గోడ కట్టినోడు మీ అయ్య. దీని మీద సెయ్యేత్తే ఆడు రాత్రికి కల్లోకొచ్చి నన్నడుగుతాడు. ఆడికి జవాబు సెప్పడం నా వల్ల కాదు."

దాంతో కౌంటరు ముందు పంచలోనే ఉండిపోయింది. నిర్మల రెండు రోజులు దాన్ని తుడిచి, నూనె రాసి, గాజుకు మెరుగు పెట్టింది. పైఅరలో కార్ల ఆటలు, కింద కుస్తీలు, పక్కన పిట్టల్ని కాల్చేవి, ఒకనాడు స్వర్ణాలో ఎలా ఉండేవో అలాగే పేర్చింది. మీద పాత డబ్బా టీవీ పెట్టింది. తుపాకీతో ఆడే ఆటలు కొత్త పల్చటి టీవీల్లో పలకవు, ఆ లావుపాటి డబ్బా ఉండాల్సిందే.

శుక్రవారం అరకు సంతకు వెళ్ళే దారి వాళ్ళ ఇంటి ముందు నుంచే. కావిళ్ళతో, బుట్టలతో పోతున్నవాళ్ళు గాజు కౌంటరు చూసి ఆగారు. కొత్త కొట్టు పెట్టారనుకుని ఒకామె సబ్బు అడిగింది. ఒకడు బీడీకట్ట అడిగాడు.

"అమ్మేది కాదు, ఆడీది," అంది నిర్మల.

"ఆడితే ఏటిత్తావు?"

"ఏటీ ఇవ్వను. ఊరికే."

ఊరికే అన్నమాటకు ఉన్న బలం మరి దేనికీ లేదు. సంత ముగిసి తిరిగొచ్చేవేళకు పంచ నిండిపోయింది. బుట్టలు వాకిట్లో వరసగా దింపి, ఆడవాళ్ళూ మగవాళ్ళూ వంతులేసుకుని కార్లు నడిపారు. కారు వంపు తిరిగితే తామూ వంగారు. ఈశ్వరమ్మ కాసేపు విసుక్కుంది, కాసేపు మంచినీళ్ళందించింది, ఆఖరికి కొంగు బిగించి వచ్చి ప్లాస్టిక్ తుపాకీ అందుకుంది.

ఆమె తండ్రి విల్లు పట్టినవాడు. తెర మీద బాతులు లేవగానే ఆమె ఒక కన్ను మూసి కాల్చింది. ఒక్కటీ పడలేదు. మళ్ళీ కాల్చింది. పడలేదు.

"అత్తా, ఎక్కడికి సూత్తన్నావు?" అంది నిర్మల.

"ఎగిరీ పిట్టని ఉన్నకాడ కొట్టకూడదే గుంటా. అదెక్కడికి ఎల్తాదో అక్కడ కొట్టాల. మా అయ్య సెప్పాడు."

"ఇవి అలాంటి పిట్టలు కావు. ఉన్నకాడే కొట్టు."

ఈశ్వరమ్మ నమ్మలేదు గానీ కొట్టి చూసింది. బాతు టపామని రాలింది. తరవాత ఒకటి, ఆ తరవాత మరొకటి. చీకటి పడేవేళకు ఆమెను మించినవాళ్ళు పంచలో లేరు. "ఈ పిట్టలకి బుద్ధి లేదు," అని తేల్చేసి, దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఇటుకల గోడ మాట ఆమె నోట మళ్ళీ రాలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం, పొద్దున వచ్చే రైల్లో రవిబాబూ సుమా దిగారు. సుమ లావెక్కింది, నవ్వు మాత్రం పాతదే. రవిబాబు మెడలో టై కట్టుకుని వచ్చాడు. మంచులో తడిసి అది కాస్త ముడుచుకుపోయింది. పంచలోకి రాగానే ఆయన ఎవర్నీ పలకరించకుండా కౌంటరు చుట్టూ ఒకసారి తిరిగి, గాజు మీద వేలితో రాసి, వేలు చూసుకున్నాడు. దుమ్ము లేదు. ఆయన మొహంలో కొద్దిగా నిరాశ కనిపించింది.

భోజనాలయ్యాయి. అందరూ పంచలో చేరారు. కుస్తీ కేసెట్ పెట్టమని సుమ గొడవ చేసింది.

"అమ్మా, మీ కోడలు ఎలాంటి ఆటగత్తో మీకు తెలీదు," అంది ఈశ్వరమ్మతో. "మొత్తం విశాఖపట్నంలో దీన్ని కొట్టీవాళ్ళు లేరు. కానీ ఏం లాభం, ఒక్కనాడూ గెలవలేదు."

"అదేటి?"

"గెలవకూడదు కదమ్మా. కొనడానికొచ్చిన పిల్లలు ఓడిపోతే ఏడుస్తారు, ఏడిస్తే కొనరు. అందుకని రోజంతా ఓడిపోతూ ఉండాలి. అదీ దగ్గరదాకా వచ్చి ఓడిపోవాలి, లేపోతే పిల్లలు కనిపెట్టేస్తారు. సారు పెట్టిన రూలే."

రవిబాబు దగ్గాడు. "అది కంపెనీ పద్ధతి," అన్నాడు. తరవాత కుర్చీ ముందుకు జరుపుకుని, "నేనివాళ కస్టమర్‌ని కదా, ఒక చెయ్యి చూద్దాం," అన్నాడు. అన్నేళ్ళు ఆ కౌంటరు పక్కనే నిలబడ్డా ఆయన జాయ్‌స్టిక్ ముట్టుకోవడం అదే మొదటిసారి. ఎటు పట్టుకోవాలో సుమ చూపించింది.

ఆట మొదలయింది. రవిబాబు ఏ బొత్తాం పడితే ఆ బొత్తాం నొక్కాడు. ఆయన మల్లుడు గాల్లోకి తన్నాడు, తాళ్ళకు తగిలి పడ్డాడు, ఎలాగో లేచాడు. వెంట్రుకవాసిలో నిర్మల మల్లుడు కూలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రవిబాబు మాత్రం కొట్టలేదు. ఆమె వేళ్ళకేసి చూస్తున్నాడు.

"ఓడిపోయావా, ఓడిపోయినట్టు చేశావా?"

నిర్మల నిజంగానే గమనించుకోలేదు. వేళ్ళు వాటంతట అవే అలా చేశాయి. ఎదురుగా ఎవరైనా కూర్చుంటే చాలు, ఆఖరి దెబ్బ దగ్గర బొటనవేలు ఆగిపోతుంది. అత్తతో ఆడినా, ధనుంజయ్‌తో ఆడినా ఇన్నాళ్ళూ జరుగుతున్నది అదేనని ఇప్పుడు తెలిసింది. ధనుంజయ్‌కి కూడా అప్పుడే తెలిసింది. తన గెలుపులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"నిర్మలా," అన్నాడు రవిబాబు, టై సర్దుకుని, ఫ్లోర్ ఇన్‌చార్జ్ గొంతుతో. "ఆ రూలు పెట్టింది నేనే. ఇప్పుడు తీసేస్తున్నాను. ఆడు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. రెండో ఆటలో రవిబాబు మల్లుడు నాలుగు అడుగులు వేసే లోపల తాళ్ళ అవతల పడ్డాడు. మూడో ఆటలో ఆ నాలుగు అడుగులు కూడా వెయ్యలేదు. నిర్మల ముందుకు వంగి, పెదవి బిగించి, పక్కన మనుషులున్నారన్న ధ్యాస లేకుండా ఆడింది. గెలిచిన ప్రతిసారీ తెర మీద ఆమె మల్లుడు చేతులెత్తి గంతులేశాడు. అతను అలా గంతులేస్తాడని ఆమెకు అంతవరకూ తెలియదు. చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఓడిపోయిన ప్రతిసారీ రవిబాబు "ఇంకొకటి" అన్నాడు. ధనుంజయ్ వచ్చి వంతు అడిగి, చిత్తుగా ఓడి, ఇదే మొదటిసారి సరిగ్గా ఆడినట్టుందని మెచ్చుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు.

దూరంగా రైలు కూత వినిపించింది. సుమ తల తిప్పింది. అప్పటికే మధ్యాహ్నం బండి స్టేషన్ వదిలి సొరంగం వైపు సాగిపోతోంది.

"పోతే పోనీ," అంది ఈశ్వరమ్మ, కోడిని పట్టడానికి లేస్తూ. "రేపు భీముడు దింపుతాడు. ఇవాల్టికి కాళ్ళు సాపుకుని కూకోండి."

రవిబాబు ఫోన్ తీసి ఇంటికి చేశాడు. అవతల భార్య కంగారు పడుతున్నట్టుంది.

"ఒంట్లో బాగానే ఉంది. లేదు, రైలు తప్పిపోయింది. ఏం చేస్తున్నానంటే ఏం చెప్పమంటావు, ఓడిపోతున్నాను," అన్నాడాయన తీరిగ్గా.

ఆ సందులో సుమ ఆయన ఒళ్ళోంచి జాయ్‌స్టిక్ లాక్కుంది. ఆమె వంతు వచ్చి చాలాసేపయింది.